సుబ్రమణ్యం బల్ల, చందనం ధనంజయ

పుత్తూరులో దిగి "ధనంజయ ఇల్లు యాడప్పా?" అని అడగండి. నలుగురు తల గోక్కుంటారు. అయిదోవాడు "ఏ ధనంజయ?" అని మిమ్మల్నే ఎదురడుగుతాడు. అదే "చందనం ఇల్లు" అనండి. మోకాళ్ళ నొప్పులని మంచం దిగని ముసలమ్మ కూడా లేచి, సందు మొగదాకా వచ్చి చూపిస్తుంది. ఊరికే చూపించి పంపదు. ఆ పేరు ఎట్ల వచ్చిందో కూడా చెబుతుంది, తన వంతు అబద్ధం తాను కలుపుకుని. ఇక్కడ రాసింది మాత్రం ఏమీ కలపనిది. కలిపినా కూరలో ఉప్పంతే.

ధనంజయది పాత కట్టె సామాన్లకు కొత్త కళ తెచ్చే పని. ఇంట్లో వేసుకునే మంచాలు, బీరువాలు అతడు ముట్టడు. "నీడన పడుండే కట్టెకు ఎవుడైనా పాలీషు కొడతాడు. ఎండకూ వానకూ నిలబడే కట్టెకు కొట్టేవాడే మొగోడు" అంటాడు. వాకిళ్ళలో బల్లలు, మామిడితోటల్లో వాలుకుర్చీలు, తిరుపతిలో మేడల మింద ఊయలలు, కల్యాణమండపాల ముందర బెంచీలు, ఇవే అతని రాజ్యం. ట్రాలీ ఆటోలో డబ్బాలు, బ్రష్షులు, ఉప్పుకాగితం చుట్టలు వేసుకుని చిత్తూరు దాకా పోయివస్తాడు. ఆ ఆటోకు హారను అక్కర్లేదు. టర్పెంటైన్ వాసనే నాలుగు బారల ముందు పోయి దారి తీస్తుంది.

పనిలో వంక పెట్టేదానికి లేదు. ఎండకు నెర్రెలిచ్చిన బల్లను ముందు కడిగి నీడన ఆరబెడతాడు. ముతక కాగితంతో మొదలుపెట్టి నున్న కాగితం దాకా వస్తాడు. చెక్కలో పోగు ఎటు పోతుందో అటే రుద్దుతాడు. అడ్డం రుద్దేవాణ్ణి చూస్తే "పిల్లిని తోకనుంచి తలకాయకు నిమురుతావేమప్పా, కరస్తాది" అంటాడు. ఆనక గోరువెచ్చని అవిసె నూనె పట్టించి, అది తాగినంత తాగనిచ్చి, మిగిలింది గుడ్డతో తుడిచేస్తాడు. కట్టెకు దప్పి తీరినాకే సొక్కా తొడగాలంట. సొక్కా అంటే వార్నీషు.

చెయ్యి ఇంత నిదానం. నోటికి మాత్రం బ్రేకు లేదు.

నారాయణవనంలో ఒకాయన వాకిట్లో బల్లను ఎంత నున్నగా తీర్చినాడంటే, గోడ మీది బల్లి దాని మీద పడి, నిలదొక్కుకోలేక జారి కాలు విరగ్గొట్టుకుందంట. అగ్గిపుల్లలు పెట్టి దానికి పుత్తూరు కట్టు కట్టించింది కూడా ధనంజయేనంట. గూడూరు పక్క నిమ్మతోటలో తాను వార్నీషు కొట్టిన కుర్చీ వరదకు కొట్టుకుపోయి పులికాట్‌లో తేలిందంట. జాలర్లు పైకి తీస్తే కుర్చీ పొడిపొడిగా ఉందంట, దాని మింద కూర్చున్న కొంగ మాత్రం తడిసి ముద్దయిందంట. ఇవన్నీ ఊరు నవ్వుకుని వదిలేసేది. అన్నిటికంటే పెద్ద గొప్ప ఒకటుంది: ముక్కు. "నా కండ్లకు గుడ్డ కట్టండి. ఏ చెక్కైనా వాసన పట్టి పేరు చెప్తా. తప్పితే మీసం తీసేస్తా" అనేవాడు. ఎవరూ ఏనాడూ గుడ్డ కట్టలేదు. ఆ మీసం అన్నేళ్ళు బతికిందంటే అందుకే.

ఇప్పుడు సుబ్రమణ్యం బల్ల దగ్గరికి వద్దాం.

అరవోళ్ళ పెరటాసి నెల వస్తే తమిళనాడు నుంచి పసుపు గుడ్డలు కట్టిన సాములు నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి కొండకు నడుచుకుంటా పోతారు. పుత్తూరు దాటినాక రోడ్డువారన సుబ్రమణ్యం ఇల్లు. గేటు బయట రెండు రాతి కూసాలు పాతి, వాటి మీద బెత్తెడు మందం, ఆరడుగుల పలక ఒకటి పరిచి ఉంటుంది. నడిచి నడిచి వచ్చిన సాములు దాని మీద కూర్చుని మజ్జిగ తాగి పోవాల్సిందే. ఏటా నెల పుట్టకముందే సుబ్రమణ్యం పంచె ఎగ్గట్టి ఆ బల్లకు తన చేత్తో రంగు వేసేవాడు. ఏ రంగంటే ఏ రంగు, ఇంట్లో ఏది మిగిలి ఉంటే అది. ఒక ఏడు నీలం, ఒక ఏడు పచ్చ. ఏడాదంతా ఎండకూ వానకూ పోయిన రంగు మీద మళ్ళీ పూత పడేది.

ఈ ఏడు మామిడికాయలు కోసే కాలంలో సుబ్రమణ్యం పోయినాడు. పెరటాసి దగ్గర పడేసరికి అతని భార్య చంద్రకాంతమ్మ ధనంజయకు కబురు పెట్టింది.

"పెచ్చులు లేచి సాముల పంచెలకు అంటుకుంటాండాయి నాయనా. పాతదంతా ఊడదీసి మంచిగా చెయ్యి. మొదటి శనివారానికి బల్ల దాని తావున ఉండాల. ఆయన లేడని బల్ల కూడా లేకుండా పోగూడదు."

"అక్కా, నువ్వు నిచ్చింతగా ఉండు. నేను చేసిన బల్ల మింద కూర్చున్న సామి కొండకు పొయ్యేది మర్చిపోయి ఈడనే గోవిందా అంటాడు."

"అంతొద్దు. పొయ్యేటోళ్ళను పోనీ" అని ఆమె గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది.

వినాయక చవితి పోయిన రెండోనాడు పని మొదలైంది. పెయింటు ఊడదీసే మందు పూసి, ఇనప రేకుతో గీకుతుంటే పొరలు పొరలుగా ఏళ్ళు లేస్తాండాయి. చంద్రకాంతమ్మ గేటు పట్టుకుని నిలబడి ఒక్కో రంగుకూ లెక్క చెప్పింది. "ఆ పచ్చ ఎద్దుల కొమ్ములకు తెచ్చింది. రొంత మిగిల్తే పారెయ్యనిస్తాడా మహానుభావుడు... ఆ గులాబీ సూడు, మా పాప చెవులు కుట్టించిన ఏడు ఉయ్యాలకు కొట్టింది. ఆ బూడిద రంగు నాకు నచ్చక నెలరోజులు మాట్లాడల్యా." ధనంజయ రేకు ఆపి ఆపి విన్నాడు. అంతవరకు అంతా బాగుంది.

చెడింది ఎక్కడంటే, జనం చేరిన తావ. ఎదురుగ్గా ఢిల్లీబాబు టీ అంగడి. టీకి వచ్చినవాళ్ళు గ్లాసులతో సహా రోడ్డు దాటి బల్ల చుట్టూ మూగినారు. జనం చూస్తుంటే ధనంజయకు కండ్లు పనిచెయ్యవు, చేతులు సగమే పనిచేస్తాయి, నోరు రెండింతలు పనిచేస్తుంది. ఆఖరు పొర పోయి చెక్క తేలింది. నీళ్ళు చిలకరించి ఉప్పుకాగితంతో రుద్దినాడు. అరచెయ్యంతా ఎర్రగా అయింది.

"ఏమన్నా, చెయ్యి కోసుకుంటివా?" అన్నాడు ఢిల్లీబాబు.

"నెత్తురు కాదురా. సూడు ఆ ఎరుపు!" ధనంజయ గుప్పెడు తడి పొడి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు కండ్లూ మూసినాడు. అందరూ చూస్తున్నారో లేదోనని ఒక కన్ను తెరిచి చూసుకుని మళ్ళీ మూసినాడు. "అబ్బా... ఇది మామూలు కట్టె కాదప్పా. ఎర్రచందనం!"

టీ తాగేవాడి టీ గొంతులో నిలబడిపోయింది. శేషాచలం పక్కన పుట్టినవాళ్ళకు ఆ మాట చెవిలో పడితే తేలు పాకినట్టే. ఇంట్లో దుంగ దొరికితే కేసు, జైలు, పేపర్లో ఫోటో.

"నిజమా అన్నా?"

"నా ముక్కు ఏనాడన్నా తప్పిందా? మీరే ఆలోచించండి. ఇంత మంచి కట్టెను ఎవుడైనా ఏటేటా పెయింటేసి కప్పెడతాడా? యాల కప్పినట్టు?" అని మీసం దువ్వుకున్నాడు ధనంజయ. అతనికి ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదు. ఆ పొద్దు జనం నోళ్ళు తెరుచుకుని చూడడమే కావాల్సింది. చూసినారు. అతను తృప్తిగా సామాను సర్దుకుని ఇంటికి పోయినాడు.

సాయంత్రానికి పలక దుంగయింది. పొద్దు గుంకేసరికి దుంగ లోడు లారీ అయింది. మామిడితోటలో ఇంకా పాతిపెట్టినాడంట, చైనా నుంచి ఒకడొచ్చి తిరుపతి లాడ్జిలో దిగినాడంట. ఇవైనా నయం. మరుసటినాడు రేషన్ షాపు కాడ విన్నమాట ధనంజయ భార్య లోకేశ్వరి మోసుకొచ్చి, సంగటి గిన్నె ముందు పెట్టి మరీ చెప్పింది.

"సుబ్రమణ్యం దొంగసరుకు వాకిట్లోనే పెట్టుకోని, పైన రంగేసి ఊరందరి కండ్లల్లో దుమ్ము కొట్టినాడంట. సాములకు మజ్జిగ పోసింది కూడా అనుమానం రాకుండానంట. ఎవురు చెప్పినారని అడిగితే, మీ ఆయనే గదమ్మే చెప్పింది అన్నారు."

"నేనట్ల అనల్యానే!"

"ఏమన్నావు మరి?"

అతను అన్నది గుర్తు తెచ్చుకున్నాడు. సంగటి ముద్ద గిన్నెలోనే వదిలి లేచినాడు.

పోయి చూస్తే బల్ల మీద పాత గోనెపట్టా కప్పి ఉంది. పోయినేడు ఇదే కాలంలో నలుగురు కూర్చునే తావ, ఎవరూ లేరు. టీ అంగడి వాళ్ళు కూడా అటు చూడనట్టు చూస్తున్నారు. చంద్రకాంతమ్మ గేటు లోపలే నిలబడి ఉంది.

"ఒక్క మాట అడగతా ధనంజయా. మా ఆయన దొంగా?"

"అయ్యో, నేనట్ల అనల్యా అక్కా."

"నువ్వు అనల్యా. యాల కప్పినట్టు అని అడిగి వదిలిపెడితివి. జనం జవాబు చెప్పుకుంటాండారు." ఆమె గొంతు లేవలేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది. "రాత్రంతా నేనూ ఆలోచించినా నాయనా. నేను కాపురానికి వచ్చేపాటికే ఈ బల్ల ఉండె. యాడిదని నేనెప్పుడూ అడగల్యా. రంగు యాల కొడతాండావని అడగల్యా. ఇప్పుడు అడగాలంటే మనిషి ల్యా."

ధనంజయ గోనెపట్టా కొస లేపి చూసి, మళ్ళీ కప్పినాడు. కాదని చెబుదామా అంటే, అతని మటుకు అతను అది ఎర్రచందనమనే నమ్మినాడు. ముక్కు గొప్ప అన్నేళ్ళు చెప్పి చెప్పి, వేరేవాళ్ళు నమ్మకపోయినా తాను నమ్మేసినాడు పాపం.

అంతలో మోటారుసైకిలు వచ్చి ఆగింది. చంద్రకాంతమ్మ తమ్ముడు హరినాథ్. తిరుపతిలో ఆఫీసు ఉద్యోగం, ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటు. ఎవరైనా గుర్తుపడతారని హెల్మెట్ తియ్యకుండానే లోపలికి వచ్చినాడు. ఆ వీధిలో హెల్మెట్ పెట్టుకునేది అతనొక్కడే కాబట్టి అందరూ గుర్తుపట్టినారు.

"అక్కా, వార్త తిరుపతికి వచ్చేసినాది! ఫారెస్టోళ్ళు రాకముందే దాన్ని లేకుండా చెయ్యాల."

"కాల్చేద్దామా?" అన్నాడు ధనంజయ బిక్కమొహంతో.

"పొగ చూసి ఊరంతా వస్తాది. తోటలో బావి ఉండాది గదా, దాంట్లో ఏసేద్దాం. ఎర్రచందనం రాయి మాదిరి మునుగుతాది. అడుగున పడుంటే ఎవురికి కనపడతాది?"

"ఆయన చేత్తో నిలబెట్టిన బల్లను నా చేత్తో బావిలో ఎయ్యమంటావా?" అంది చంద్రకాంతమ్మ. తమ్ముడు హెల్మెట్ లోపలినుంచే కోర్టులు, వాయిదాలు, పరువు అని ఒక్కొక్కటే చెబుతూ పోతుంటే ఆమె మెల్లగా మెట్టు మీద కూలబడింది. చివరికి "నేనూ వస్తా. ఆఖరుసారి చూసుకోవల్ల" అంది.

మధ్యాన్నం, ఢిల్లీబాబు అంగడి మూసి కునుకు తీసే పొద్దు చూసి, పలకను ట్రాలీ ఆటోలో వేసి, పైన ఎరువు మూటలు పేర్చి, తోటకు తీసుకుపోయినారు. దిగుడు మెట్లున్న పాత బావి. నీళ్ళు సగానికి ఉన్నాయి. ధనంజయ ఒక కొస, హరినాథ్ ఒక కొస పట్టుకున్నారు. చంద్రకాంతమ్మ పలక మీద చెయ్యి పెట్టి, తీసి, పక్కకు తిరిగింది.

దబ్బున పడింది. నీళ్ళు గట్టు దాకా ఎగిరినాయి. పలక కనపడకుండా పోయింది.

"పీడ పోయినాది" అని హరినాథ్ మొట్టమొదటిసారి హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు.

ఆ మాట పూర్తి కాకముందే బుడుంగుమని పలక పైకి లేచి, బావి మధ్యలో ఎనుము మాదిరి వీపు తేల్చి నిలబడింది.

"ఇదేంది!" హరినాథ్ మామిడికాయలు కోసే దోటి తెచ్చి ఒక పోటు పొడిచినాడు. మునిగింది. దోటి తీస్తే లేచింది. మళ్ళీ పొడిచినాడు. ఈసారి ఇంకోపక్క లేచింది. "రాయి కట్టాల. అన్నా, ఒక రాయి సూడు, పెద్దది!"

ధనంజయ కదల్లేదు. గట్టు మీద చతికిలబడి తేలుతున్న పలకనే చూస్తున్నాడు. ఎర్రచందనం మునుగుతుందని ఈ తట్టు పిలకాయలకు కూడా తెలుసు. ఇంతసేపూ తానూ ఆ మాట మీదే మోసుకొచ్చినాడు. నీళ్ళలో ఇంత చెక్క వేసి చూస్తే పోయేదానికి, ముక్కును నమ్మి ఇంత చేసినాడు. ముందు నవ్వొచ్చింది, ఆనక కండ్లల్లో నీళ్ళొచ్చినాయి.

"మునగల్యా అక్కా! తేలతాండాది సూడు! అది చందనం కాదు!"

చంద్రకాంతమ్మ గట్టు పట్టుకుని వంగింది. ఎంతసేపు చూసిందో. "హరీ, ఆ దోటి కింద పెట్టు" అంది. "ఇంగొక పోటు పొడిచినావంటే నిన్ను ఏస్తా బావిలో."

ధనంజయ మెట్లు దిగి, నడుముకు తాడు కట్టుకుని ఈది పలకను గట్టుకు లాగినాడు. పైకి తెచ్చేసరికి ఇద్దరికీ ఊపిరి ఆడలేదు. హరినాథ్ ఆ తడి పలక మీదే కూర్చున్నాడు. కాసేపటికి లేచినాడు. తెల్ల ప్యాంటు వెనకాల, కూర్చున్నంత మేర, టీ ఒలికినట్టు మరక.

చంద్రకాంతమ్మ ఆ మరకను చూసింది. ధనంజయ చూసినాడు. పలక కింద మడుగు కట్టిన నీళ్ళు డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఎండ పక్కగా పడితే పైన నీలంగా ఒక నిగారింపు.

"వేగిస!" అన్నాడు ధనంజయ. ఈసారి వాసన చూడలేదు. తిరుపతిలో షుగరోళ్ళకు అమ్ముతారే వేగిస చెక్క గ్లాసులు, నీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే ఇదే రంగు. నిన్న అరచేతికి అంటిన ఎరుపేమో, అన్ని రంగులకూ అడుగున కొట్టిన వట్టి కావి, అరుగు అంచులకు కొట్టే కావి. అది చెక్క పోగులోకి దిగి ఎర్రగా పలికింది. పెయింటుల్లో పుట్టి పెరిగినవాడు కావిని గుర్తుపట్టలేదంటే, ఆ పొద్దు జనం అంత బాగా చూస్తున్నారన్నమాట.

"వేగిస..." అని చంద్రకాంతమ్మ ఆగి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మా అత్త చెప్పేది! మొట్టమొదట బల్ల ఉత్త చెక్కగానే ఉండె. ఆ ఏడు వానలో తడిసిన బల్ల మింద ఒక అరవ ముసలామె కూర్చోని లేస్తే, మొక్కుకు కట్టిన పసుపు చీరంతా మరక. ఆమె ఏడిస్తే మా ఆయన లోపలికి పొయ్యి, మా అత్త కట్టకుండా దాచుకున్న కొత్త చీర తెచ్చి ఇచ్చేసినాడంట. మరుసటినాడే అంగడికి పొయ్యి రంగు తెచ్చినాడు. అత్త సచ్చేదాకా ఆ చీర గురించి ఆయన్ను సాధిస్తానే ఉండె. చీర మాట గుర్తుండాది నాకు, రంగు మాట మర్చిపోతి!"

ధనంజయ నడుముకు కట్టుకున్న తాడు విప్పి, పలక ఒక కొస పట్టుకున్నాడు.

ఇంక ఇంటికి తీసుకుపోవడమే. ఎరువు మూటల కింద దాచి తెచ్చినదాన్ని దాచే తీసుకుపోదామన్నాడు హరినాథ్. మంచి మాటే. ధనంజయ ముక్కూ మిగిలేది, మీసమూ మిగిలేది. నాలుగు రోజులకు జనం ఇంకో కథ చూసుకునేవాళ్ళు. కానీ సుబ్రమణ్యం పేరు మాత్రం అట్లే ఉండిపోయేది. ధనంజయ మూటలన్నీ తీసి తోటలోనే పెట్టి, పలకను ఆకాశానికి చూపిస్తూ ఆటో నడిపినాడు. హారను కూడా కొట్టినాడు.

ఇంటి ముందర ఆవులకు నీళ్ళు పెట్టే పొడుగాటి తొట్టి ఉంది. దాన్ని నింపి, జనాన్ని తానే పిలిచినాడు. పిలవకపోయినా వచ్చేవాళ్ళే. పలకను తొట్టిలో వదిలినాడు. తేలింది. ఢిల్లీబాబు వచ్చి వేలితో నొక్కినాడు. మళ్ళీ తేలింది.

"అయితే చందనం కాదా అన్నా?"

"కాదు. వేగిస."

"మరి నీ ముక్కు?"

జలుబు చేసిందని నాలుక కొస దాకా వచ్చింది. గేటు దగ్గర చంద్రకాంతమ్మ నిలబడి ఉంది. ఆ మాటను వెనక్కి మింగి, "నా ముక్కుకేమీ తెలీదప్పా. ఎప్పుడూ తెలీదు. నోటికే జాస్తి తెలుసు" అన్నాడు ధనంజయ.

జనంలోంచి లోకేశ్వరి గొంతు లేచింది. "ఎర్రచందనానికి అసలు వాసనే ఉండదంట గదా! వాసన లేనిదాన్ని వాసన పట్టిన మొగోడు ఈ జిల్లాలో మా ఆయన ఒకడే!"

పగలబడి నవ్వినారు. ఆ నవ్వులోనే ఎవడో "ఏం చందనం!" అని పిలిచినాడు. అంతే, పేరు అంటుకుపోయింది. గీకినా పోలేదు.

"నవ్వింది చాలు" అని చంద్రకాంతమ్మ ముందుకొచ్చింది. "రంగు యాల కొట్టినాడని అడిగితిరి గదా. హరీ, వెనక్కి తిరుగు."

"అక్కా, జనం ఉండారు."

"ఉండారనే తిరగమనింది."

హరినాథ్ తిరిగినాడు. చంద్రకాంతమ్మ ఆ మరక చూపించి, ముసలామె చీర కథ మొదలునుంచి చివరిదాకా చెప్పింది. మజ్జిగ గురించి మాట్లాడిన వాళ్ళు మెల్లగా వెనక వరసకు జరిగినారు. ఒకామె "నేనప్పుడే అనుకున్యా, ఆయన అట్టాంటోడు కాదని" అంది. రేషన్ షాపు కాడ అందరికంటే గట్టిగా మాట్లాడింది ఆమే.

అట్లని కష్టం తీరిందా? లేదు. వేగిస అని తెలిసిన గంటకు పరంధామయ్య అనే పెద్దాయన చెంబు పట్టుకొచ్చి తొట్టిలో ముంచినాడు. షుగరుకు మంచిదంట. వెనకాలే ఇంకో ఇద్దరు. ఒకామె చెక్కపొడి ఊడ్చి పొట్లం కడుతోంది. ధనంజయ రెండు చేతులూ అడ్డం పెట్టినాడు. "సామీ, అది పెయింటు కడిగిన నీళ్ళు! తాగితే షుగరు తగ్గదు, ఊరి జనాభా తగ్గతాది!" ఎర్రచందనమన్నప్పుడు ఎవరూ తాకని బల్లను ఇప్పుడు ఎవరూ గీక్కుపోకుండా కాపలా కాయాల్సి వచ్చింది. పలకను తన షెడ్డులోకి మార్చేసినాడు.

శనివారం దగ్గర పడింది. పలక నిలువునా నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. ఎండలో పెడితే పగులుతుంది, తడి మీద రంగు వేస్తే బొబ్బలు లేస్తాయి. రెండు కట్టెల మీద నీడన పడుకోబెట్టి, ఇంట్లో ఫ్యాను తెచ్చి పెట్టినాడు. పొద్దుకోసారి అటు ఇటు తిప్పినాడు.

"ఉక్కతో మేము సస్తాంటే బల్లకా ఫ్యాను? నన్నెప్పుడన్నా ఇట్ల తిప్పి తిప్పి చూసుకున్నావా?" అంది లోకేశ్వరి. అంటూనే రాత్రి తానూ చాప తెచ్చుకుని షెడ్డులోనే పడుకుంది. గాలి అక్కడే ఉంది మరి.

పలక ఆరినాక ఉప్పుకాగితంతో ఆఖరు చెయ్యి తిప్పినాడు. తేనె రంగులో పోగు కదులుతున్నట్టు తేలింది. నిగనిగలాడే వార్నీషు కొట్టి వదిలితే తిరుపతి నుంచి జనం చూడవచ్చేంత అందం. చెయ్యి వార్నీషు డబ్బా మీదికే పోయింది. కాసేపు అట్లే ఉంచి, వెనక్కి తీసుకున్నాడు. వార్నీషు ఎండకు ఏడాదిలో చీలుతుంది, చీలిక గుండా మరక దిగుతుంది, ఏ సామి పంచెకో అంటుతుంది. ఆటో వేసుకుని చంద్రకాంతమ్మ దగ్గరికి పోయినాడు.

"అక్కా, రంగే ఎయ్యాల. ఏ రంగు?"

"ఆయన ఎట్ల ఏసినాడో అట్లనే. ఇంట్లో ఏది మిగిల్తే అది."

కొట్టం అటక మీద వెతికితే, గేటుకు కొట్టగా మిగిలిన నీలం డబ్బా ఉంది. మూత చుట్టూ గాలి దూరకుండా సుబ్రమణ్యం గుడ్డపీలిక చుట్టి బిగించి పెట్టినాడు. తెరిస్తే మీద మీగడ మాదిరి పొర కట్టిందే గాని కింద రంగు చెక్కుచెదరలేదు. చంద్రకాంతమ్మ ఆయన పాత పంచె ముక్క ఇచ్చింది. ధనంజయ ఆ ముక్కలోనే రంగు వడగట్టినాడు. మొదట ప్రైమరు, పైన నీలం రెండు పూతలు. పలక రెండు కొసల్లో పోగులు తెరుచుకుని ఉంటాయి, నీళ్ళు తాగేది అక్కడే. అక్కడ ఇంకో పూత జాస్తి వేసినాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఒక్క కోత కొయ్యలేదని లోకేశ్వరి అందరికీ చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు.

శనివారం తెల్లారేసరికి బల్ల దాని కూసాల మీద ఉంది. ఉన్నట్టుండి జల్లు పడింది. బల్ల మీద నీళ్ళు పూసలు పూసలుగా నిలబడినాయి. ధనంజయ తుడవబోతే చంద్రకాంతమ్మ "ఉండనీ" అంది.

గోవింద నామాలు వినపడినాయి. నగరి తట్టునుంచి పసుపు గుడ్డల వరస వచ్చింది. ముందు వచ్చిన ముసలి సామి, ఏటా వచ్చేవాడే, కాళ్ళు చాపి తడి బల్ల మీద ఉస్సురని కూర్చున్నాడు. మజ్జిగ తాగినాడు. ఎదురుగ్గా టీ అంగడిలో ఒక్కడు కూడా టీ తాగడం లేదు. ఢిల్లీబాబు పాలు పొంగి పొయ్యిలో పోతున్నా చూసుకోలేదు. ముసలి సామి గ్లాసు ఇచ్చి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచినాడు. ఊరంతా ఒక్కసారిగా పక్కకు వంగి ఆయన పంచె వెనకాల చూసింది.

ఆయన బెదిరిపోయినాడు. "ఎన్నమ్మా, అందురూ నా వెనకనే సూస్తా ఉండారు?"

"ఏమీ ల్యా సామీ" అంది చంద్రకాంతమ్మ. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. తడి ఉంది. పసుపు పసుపుగానే ఉంది. "ఇంగో గ్లాసు తాగండి."

సామి గ్లాసు అందుకుని బల్లను తడిమి చూసినాడు. "కొత్త బల్లనా ఇది?"

ధనంజయ గొంతు సవరించుకున్నాడు. అన్నాళ్ళు ఆపుకున్న నోరు. "సామీ, ఈ బల్ల కథ మీకు తెలీదు. దీన్ని నూరు నిలువుల లోతు బావిలో ఏస్తే..."

"ధనంజయా" అంది చంద్రకాంతమ్మ.

"...తేలినాది సామీ" అన్నాడు ధనంజయ. "అంతే."